గోతం తరుగు

ఆమె లోపలికి రాగానే నాకు రెండు తుమ్ములు.
చీర నిండా మిరప ఘాటు,
తొడిమలు తీసి తీసి గోళ్ల చుట్టూ ఎరుపు.
పేరు సలోమి, ఇరవై రెండేళ్లు, రాసుకున్నా.
ఆఖరి ముట్టు ఎప్పుడమ్మా?

తారీఖు తెలీదంది.
"మట్టల ఆదివారం, సిస్టరమ్మా.
మట్ట పట్టుకుని వీధి మలుపు దాకా నడిచా,
కడుపులో మెలిపెడితే వెనక్కొచ్చేశా."

అత్త శాంతమ్మ లెక్క వేరు.
యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చిన వారం
కోడలు వాకిట్లో కక్కింది.
అక్కణ్ణించి వేళ్ల కణుపులు పట్టుకుని
"నాలుగు నిండి ఐదు" అంది.

నేను అట్ట చక్రం తిప్పా.
బాణం మట్టల ఆదివారం మీద పెడితే
ఈ రోజు ఇరవై వారాల దగ్గర ఆగింది.
పైకే చదివా.
చదవకుండా ఉండాల్సింది.

గుమ్మంలో ఏసోబు
లారీ తాళంచెవి వేలికి తిప్పుతున్నవాడు ఆపాడు.
ఇరవైని నాలుగుతో భాగించాడు,
ఐదు నెలలు వెనక్కి నడిచాడు.
"అప్పుడు నేను నాగపూర్‌లో ఉన్నా."
నాతోనే అన్నాడు, ఆమెతో కాదు.
"ఇంజను పోయి, తేజా లోడు మీదే పడకేసి.
ఈస్టరూ అక్కడే.
మంగళారం రాత్రికి గదా ఇల్లు చేరింది."

ఫ్యాను చప్పుడు.
శాంతమ్మ కణుపులు మళ్లీ మొదట్నుంచి.
సలోమి తలెత్తలేదు,
గోళ్లలో ఎరుపు గీక్కుంటోంది.

నెలంటే నాలుగు వారాలే కాదన్నా.
మా లెక్క ముట్టు రోజునే మొదలవుతుందని,
మొదటి రెండు వారాలూ కడుపులో ఎవరూ ఉండరని.
గోడ మీది బొమ్మ చూపించా. ఎక్కలేదు.
చివరికి అడిగా:
"టిక్కీ కాటా వేస్తే గోతం బరువు తీసేస్తారా, లేదా?"
"తీస్తారు."
"ఆ రెండు వారాలూ గోతం.
కాయ నువ్వొచ్చాకే."

తాడు వదులు చేసిన టార్పాలిన్‌లా
అతని మొహం మెల్లిగా జారింది.
నవ్వబోయాడు.
సలోమి లేచింది.
"ఎన్నో నెలో తెలుసుకుందామని వచ్చా, సిస్టరమ్మా.
కాటా ఎక్కడానికి కాదు."

రిజిస్టర్లో రాశా: ఇరవై వారాలు,
జనవరి మూడో వారం కాన్పు.
ఆమె అన్నమాట రాయడానికి గడి లేదు.

ఏటుకూరు రోడ్డు మీద ఆమె ముందు,
చాలా వెనగ్గా అతను,
ఐరన్ మాత్రల పొట్లం రెండు చేతుల్తో పట్టుకుని.

శాంతమ్మ మాత్రం కదల్లేదు.
తలుపు దగ్గరకి వేసొచ్చి
చక్రం వైపు వేలు చూపించింది.
"ఏసోబు నాటి లెక్క
ఒక్కసారి తిప్పి చూడమ్మా.
వాళ్ల నాన్న పోయేదాకా నమ్మలేదు."