ఎన్కకెల్లి

షాపు పిలగాడు స్టూలేసి కూసోవెట్టి
మూడు మానిటర్లు ముంగట నిలవెట్టిండు.
ఇది నూట నలభై నాలుగు హెర్ట్జ్ అంకుల్,
ఇది నూట ఎనభై,
ఇది ఒంపు తిరిగిన ఇరవై ఏడించులు.
తెల్వకనే అడిగిన:
గోడల కరెంటే యాభై సార్లు కొట్టుకుంటది గదా బిడ్డా,
గీ తెర నూట ఎనభై సార్లు దేనికి ఉరుకుతది?
పిలగాడు నవ్విండు.
ప్రణవి నా మోచెయ్యి గిల్లింది.

నేను ఓదెలును.
హన్మకొండ చౌరస్తా ఎన్క సందుల
ఇరవై రెండేండ్లు టీవీలు బాగుజేసిన.
షట్టర్ దించి ఆరు జాతర్లయింది.
గిప్పుడు కాజీపేట కాడ ఒక అపార్ట్‌మెంట్ల
లిఫ్టూ మోటరూ జనరేటరూ చూస్కుంట.

మంది టీవీని ముంగటికెల్లి జూస్తరు.
నేను ఎన్కకెల్లి జూసినోణ్ని.
దుమ్ము, సాలెగూడు, ఒగసారి బల్లిగుడ్లు,
పిక్చర్ ట్యూబ్ మెడకాడ ఎర్రగ ఎలిగే సన్నపు తీగ.
ముంగట ఏం బొమ్మొస్తుందో తెల్వాలంటే
ఎదురుంగ ఒక అద్దం నిలవెట్టుకునేది.
అండ్ల అత్తలంత ఎడంచేతితోని అన్నం వడ్డిస్తుండిరి,
క్రికెటోళ్లంత ఎడంచేతి వాటమే.

ఎవరింటికన్న పొయినప్పుడు అద్దం మర్సిపోతె
గడపల కూసున్న పిల్లల మొకాలు జూసేది.
మొకాలు పచ్చగ కొడితె నీలం తక్కువైనట్టు.
బుగ్గల మీద ఎలుగు వణికితె
ఇంకింత తిప్పాలె స్క్రూ.
నోళ్లు తెరుసుకోని కదలకుంట కూసున్నరంటె
ఇగ బొమ్మ సక్కగైనట్టు.
డబ్బ మూసేసి యాభై రూపాయలు తీస్కునేది.

నలుపు జూపియ్, అన్న పిలగానితోని.
ఏంది అంకుల్?
ఎరుపు ఏ తెరైన ఇస్తది తమ్మీ,
నలుపు ఇచ్చుడే కష్టం.
షాపుల లైట్లన్ని బంద్ జేపిచ్చిన.
గల్లా కాడికెల్లి సేటు ఒర్రిండు.
చీకట్ల మూడు తెరలు:
ఒకటి బూడిద,
ఒకటి మూలకు తెల్లగ కారుతున్నది,
మూడోది బాయిల రాత్రి.

అది ఇరవై నాలుగించులది. ఒంపు లేదు.
ప్రణవికి ఇరవై ఏడు గావాలె,
దోస్తు రుత్విక్ ఇంట్ల అదే ఉన్నదంట.
నేను మా బల్ల ముచ్చట దీసిన.
నా పాత రిపేర్ బల్లే ఆమె ఆటల బల్ల,
సోల్డర్ కాలిన మచ్చలు ఇంక అట్లనే ఉన్నయి.
దాని ఎడల్పు మూరెడు.
మూరెడు దూరంకెల్లి అంత తెర జూస్తె
మెడ తిరుగుతది గని కన్ను నిలవదు.
ఆమె ఏమన్లే.
ఏమన్కపోవుడే ఆమె అలుగుడు.

పద్నాలుగు వేల ఆరువందలు.
అండ్ల నాలుగు వేలు ఆమెయే,
రెండెండకాలాలు గల్లి పిల్లలకు ఎక్కాలు నేర్పి
బిస్కెట్ డబ్బల దాసుకున్నయి.
పదుల నోట్లు లెక్కవెట్టుకుంట సేటు సల్లవడ్డడు.

స్కూటీ మీద అట్టపెట్టె ఇద్దరి నడుమ.
నక్కలగుట్ట కాడ సిగ్నల్ వడ్డది.
నాయినా, నలుపు నిజంగనే ముఖ్యమా?
నీ ఆటల రాత్రొస్తదా?
వస్తది. వాన గూడ వస్తది.
అయితె ముఖ్యమే.

ఇంటికొచ్చి కేబుల్ గుచ్చనీకె
బల్ల ఎన్కకు దూరిన.
ఏం లేదాడ.
రెండు తొర్రలు, ఒక స్టిక్కర్.
ఎలిగే తీగ లేదు, వాసన లేదు,
తిప్పెటందుకు ఒక్క స్క్రూ లేదు.
చెయ్యి వెడితె సల్లగున్నది.
నా ఇరవై రెండేండ్ల పని
గా సల్లదనంలనే యాడనో పోయింది.

లేస్తమని తలెత్తిన.
తెర అంచు మీదికెల్లి ప్రణవి మొకం.
వానల ఏదో కారు ఉరుకుతున్నట్టుంది,
ఎన్క లైట్ల ఎరుపు ఆమె బుగ్గల మీద జారుతున్నది,
వణుకు లేదు, పచ్చ లేదు.
నోరు తెరుసుకున్నది.

నాయినా, ఆడేం జేస్తున్నవ్?
ఇటు రా, జూడు.

జూస్తున్న బిడ్డా, అన్న.