కాటా మీద ఇంటిల్లిపాదీ

రొయ్యలు తూచే కాటా కడిగించి
ఐసు తడి ఆరకముందే
ఒక్కొక్కరినీ ఎక్కమన్నాను.

వకుళ ఇరవై ఆరు, చెప్పులతో.
చిన్నాడు పదిహేడు. జేబులో గోళీలు తీయనన్నాడు,
గోళీలతోనే రాసుకున్నాను.
మా ఆయన ఊపిరి బిగబట్టి ఎక్కాడు,
ఊపిరికి బరువుంటుందని ఎవరు చెప్పారో.
అత్తయ్య షెడ్డు గుమ్మం దాటి రాలేదు.
"ఏంటే, నన్ను కూడా కంపెనీకి అమ్మేత్తావా?
కౌంటు ఎంతంటావ్?"
బతిమాలితే ఎక్కింది. డెబ్బై మూడు.
"గాజులు తీసేత్తే డెబ్బై రెండే, రాసుకో."
నాది నేనే చూసుకుని
ఎవరికీ వినపడకుండా కూడుకున్నాను.

మనుషులు నిండితే పెట్రోలు సగం.
పెట్రోలు నిండితే ఒకరు దిగాలి.
ఎవరన్నది లెక్క చెప్పదు.

తొమ్మిదేళ్ళపాటు మా రెండు కుర్చీల విమానం
లెక్కే అడగలేదు. ఒక్కరే, అనేది.
ఈ ఆదివారం వకుళ, పై ఆదివారం చిన్నాడు,
పుట్టినరోజుకి మాత్రం అత్తయ్య.
మధురపూడిలో లేచి, ధవళేశ్వరం ఆనకట్ట దాటి
గౌతమి ఒడ్డు పట్టుకుని
కాట్రేనికోన మీదకొస్తే
మా డాబా మీద ఎర్ర దుప్పటి.
ఇల్లు ఆనవాలు తెలియాలని పరిచేవాళ్ళు.
అన్ని వందల చెరువుల్లో
దాని పక్కనున్నవి మావి.
మిగిలినవాళ్ళు దుప్పటి చుట్టూ నిలబడి
తువ్వాళ్ళు ఊపేవాళ్ళు,
నేను రెక్క ఊపేదాన్ని.

పెద్దది చిక్‌మగళూరులో దొరికింది.
ఆరు కుర్చీలు, నాకంటే ఆరేళ్ళు పెద్ద.
కాఫీ తోటలాయన మోకాళ్ళు మొరాయించి అమ్ముతున్నాడు.
లాగ్‌బుక్కులు నాలుగు, ఎన్ని చేతిరాతలో.
టైరు మార్చాం, ఆయిలు మార్చాం,
కొంగ తగిలింది, రెక్క సొట్ట తీయించాం.
మూడో పుస్తకంలో ఒకచోట
పదకొండు నెలలు ఒక్క సంతకం లేదు.
ఎందుకని అడిగాను.
"అప్పుడు మా ఆవిడ ఆసుపత్రిలో ఉంది" అన్నాడు.
ఇంక నాకు బేరం నోటికి రాలేదు.
మెకానిక్ మస్తాన్ గారే ఆడారు.
సిలిండర్లలోకి గొట్టం కెమెరా దూర్చి
గంటన్నర చూసి, చేతులు తుడుచుకుని,
"ఏనుగుని కొంటున్నారు, అంకుశం ఖర్చు
వేరే రాసుకోండి" అన్నారు.

వెనక కుర్చీ కింద ఒంటి మేజోడు దొరికింది,
ఏ నాలుగేళ్ళ పాదానిదో.
లాగ్‌బుక్కులో రాసేది కాదు,
పారేసేదీ కాదు.
ఉన్నచోటే ఉంచాను.

చిన్న విమానాన్ని నెల్లూరు కుర్రాడు తీసుకుపోయాడు.
బ్యాటరీ గురించి, ఎడమ బ్రేకు గురించి,
ఎదురెండలో దిగేటప్పుడు దాని తిక్క గురించి
మూడు జాగ్రత్తలు చెప్పాను.
నాలుగోది గొంతులోనే ఉండిపోయింది.

మొదటి ఆదివారం.
చిన్నది పిచ్చుక, దులుపుకుని లేచేది.
ఇది కాలవలోంచి గేదె లేచినట్టు
తనలో తాను ఆలోచించుకుని
తీరిగ్గా లేచింది.
అత్తయ్య వెనకనించి
"ఆరో కుర్చీ ఎవరికే?" అంది.
మా ఆయన కిటికీలోకి తిరిగాడు.
నేను ఎత్తు చూసుకుంటూ కూర్చున్నాను,
ఎనిమిది వందల అడుగులు, తొమ్మిది వందలు.

కింద లంకలు, ఇసుక తిన్నెలు, పంటు మీద రెండు ట్రాక్టర్లు,
చెరువు చెరువుకీ ఏరేటర్లు చిలికే నురగ.
మా ఊరి మీదకొచ్చాక
ఐదుగురం ఇల్లు వెతికాం.
దొరకలేదు.
"అయ్యో, దుప్పటి!" అంది అత్తయ్య.
పరిచేవాళ్ళందరూ పైనే ఉన్నారు.

రెండు చుట్లు తిరిగాక వకుళ వేలు పెట్టి చూపించింది.
నీళ్ళ ట్యాంకు, బోసి డాబా,
తీగ మీద నిన్నటి యూనిఫాం.
ఇంత చిన్నదా, అనిపించింది.
ఎవరూ చెయ్యి ఊపని ఇంటి మీద
అలవాటు కొద్దీ
రెక్క ఊపాను.

వెనక ఎక్కడో
గోళీలు దొర్లిన చప్పుడు.