తట్టడం

త్బిలిసి ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం.
చొక్కా విప్పుతూ షాక్రో తాత
ప్రతి గుండీ దగ్గరా ఊపిరి కోసం ఆగాడు.
అది అప్పుడే రాసుకోవాల్సింది.
నా ధ్యాసంతా మెళ్ళో కొత్త స్టెతస్కోపు మీద.

"చెవులు ఆఖర్న. ముందు కళ్ళు, తర్వాత చేతులు,"
అంది త్సియాలా మేడమ్.
నలభై ఏళ్ళుగా అరిగి నున్నబడ్డ మాట అది.

చూశాను. కుడి ఛాతీ
ఎడమదానికన్నా ఆలస్యంగా, బద్ధకంగా లేస్తోంది.
గొంతు గుంటలో వేలు పెట్టాను.
శ్వాసనాళం ఎడమకి ఒదిగింది,
బస్సు సీట్లో ఎవరో భారీ మనిషి వచ్చి కూర్చుంటే
కిటికీ వైపు సర్దుకున్నట్టు.

"ముప్పైమూడు అనండి తాతా."
మా లెక్కలో అది ఇరవైన్నీ పదమూడూ.
"ఒత్స్‌దాత్సమెటి" అన్నాడు.
ఎడమ వైపు ఆ అంకె
నా అరచేతికింద తేనెటీగలా కొట్టుకుంది.
కుడివైపు కింద
ఇరవయ్యీ లేదు, పదమూడూ లేదు.

ఇక తట్టడం.
నా వేళ్ళు పిరికివి,
అప్పు అడగడానికొచ్చి తలుపు దగ్గర నసిగే మనిషిలా తట్టాయి.
తాత నవ్వాడు, నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపయింది.
"అమ్మాయ్, వార్దిసుబానిలో యాభై ఏళ్ళు క్వెవ్రీలు చేశాను.
మనిషి దిగి కడగాల్సినంత బానలు.
మోచెయ్యి కాదు, మణికట్టు ఆడించు.
పెనం తాకినట్టు తాకి వెంటనే తీసెయ్.
వేలు అక్కడే ఉంచితే బాన నోరు మూసుకుంటుంది."

నా చెయ్యి పట్టుకుని
తన ఒంటిమీదే నేర్పాడు.
వీపు పైన ఖంగు.
ఇంకో నాలుగు వేళ్ళు కిందికి, ఖంగు.
ఇంకాస్త దిగగానే
చప్పుడు చచ్చిపోయింది. బండరాయి.
"అక్కడిదాకా నిండింది," అన్నాడు,
సొంత సరుకు బేరానికి పెట్టినవాడిలా.

"ఏం తట్టింది?" అడిగింది మేడమ్.
వేలికి నీరు తట్టింది.
బుర్రకి, ఆ నీరు ఎందుకో తట్టింది:
క్షయ కావచ్చు, న్యుమోనియా కావచ్చు.
మూడోది నాలిక చివర ఆగింది.
తాత రెండు వేళ్ళు ముడిచి
మూడోది నిలబెట్టుకునే ఉన్నాడు.

సాయంత్రం సూదితో లీటరున్నర తీశారు.
సీసాని వెలుగుకి ఎత్తి పట్టి
"ఏ ఏటి ద్రాక్షో ఇది?" అన్నాడు.
నర్సు నవ్వలేదు. నేను నవ్వాను, తర్వాత సిగ్గేసింది.

రిపోర్టు గురువారం. ఇవాళ మంగళవారం.

హాస్టల్లో నిద్రపట్టక
మంచం పక్క గోడ తడుతూ పోయాను.
ఇటుక. ఇటుక. బోలు. ఇటుక.
మణికట్టు ఇంకా బిగుసుకునే ఉంది.
మళ్ళీ మొదట్నుంచీ తట్టాను.
అవతలి గదిలోంచి కెతినో
చిరాగ్గా, రెండుసార్లు,
తిరిగి తట్టింది.