మూడో భాగం

మొదటి పుస్తకంలో వాడికి పేరు లేదు.
తేనెపట్టు తీసేవాళ్ల వలముసుగు,
చేతిలో మంచు చెక్కే ఉలి,
వచ్చేముందు ఎక్కడో ఒక చుక్క తేనె.
అంతే.

ఆ చలికాలం డులూత్‌లో
మా లాండ్రీ మూసేసరికి రాత్రి పదకొండు.
లెంపీ, నేనూ చేతులు పెనవేసుకుని
కారుదాకా నడిచేవాళ్లం,
ఇద్దరికీ కలిపి ఒకటే వెన్ను ఉన్నట్టు.
డ్రయ్యర్ పిడి జిగటగా తగిలితే
నలభై ఏళ్ల ఆడమనిషి ఒకతె కెవ్వుమంది.
అది నేనే.

రెండోది, సరే, పర్వాలేదు.
శవాలు పెరిగాయి, చీకటి తగ్గింది.

మూడోదానికి నాలుగేళ్లు
కళ్లు కాయలు కాశాయి.
నూట పన్నెండో పేజీలో తెలిసింది
వాడి పేరు గ్యారీ అని.
చిన్నప్పుడు వాళ్లమ్మ కొట్లో పెట్టి గడియ వేసిందట.
పిప్పిపన్ను సలుపుతోందట.
ఇంటి అప్పు కూడా ఉందట, వాయిదాలు తప్పాడట.
గొంతులు కోస్తూనే ఉన్నాడు పాపం,
ఆఫీసుకి ఆలస్యమైనవాడు
గడ్డం గీసుకున్నట్టు.

ఎవరడిగారు ఆ రచయితని
తలుపు వెనక దీపం పెట్టమని?

లెంపీ ఆఖరి పేజీ దాకా ఓపిక పట్టి
పుస్తకాన్ని సబ్బుపొడి డబ్బాల మీదికి విసిరింది.
"గ్యారీ!" అంది.
పొట్ట పట్టుకుని నవ్వాం ఇద్దరం.

ఆ రాత్రి షట్టర్ దించాక
"రేపు కలుద్దాం" అని
తన కారు వైపు తను వెళ్లిపోయింది.
సరస్సు మీంచి గాలి.
మంచు మీద నా బూట్ల చప్పుడు ఒక్కటే.
సగం దారిలో ఆగి
వెనక్కి తిరిగి చూశాను,
పాత మర్యాద కొద్దీ.

ఎవరూ రావడం లేదు.