నీళ్లు లేని రేవులో లెన్స్ మార్చడం

దౌలెతియార్, ముందు కెమెరా ఆపెయ్.
ఎర్రదీపం ఆరిందాకా ఆగు.
మెలకువగా ఉన్న సెన్సర్ దుమ్ముని రమ్మంటుంది,
తల దువ్విన దువ్వెన
కాగితం ముక్కల్ని పిలిచినట్టు.

ఇప్పుడు దాని నోరు నేలకేసి పెట్టు.
మా మొయ్‌నాక్‌లో తలొంచుకున్నవాళ్ల కళ్లల్లోనే
ఇసుక తక్కువ పడుతుంది.
కొత్త లెన్స్ మూత ముందే వదులు చేసి
ఎడమచేత్తో పట్టుకో.
పాతది ఊడటం, కొత్తది కూచోవడం
ఒక్క ఊపిరిలో అయిపోవాలి.
ఆ ఊపిరి కూడా పక్కకి వదులు.

కారు అద్దాలెత్తు. ఏసీ కట్టెయ్.
ఉడికిపోతామంటావా, ఉడుకు.
నుకుస్ నించి వచ్చిన పెళ్లివాళ్లు
తుప్పు ఓడల ముందు వరసగా నించుని
పెరీజాత్ అక్క కార్లో ఏం చేస్తోందని చూస్తారు.
చూడనీ.

బయట లేస్తున్నది ఉత్త మట్టి కాదు.
మా తాత సర్సెన్‌బాయ్ వల విసిరిన సముద్రం అడుగు.
ఎండి, ఉప్పై, పత్తిచేల మందు కలిసి
తలుపు సందుల్లోంచి వస్తుంది,
టీ గిన్నెలో తేలుతుంది.
తాతని వెతుక్కుంటూ వస్తుందని అమ్మ అనేది.
నేననుకోను.
దుమ్ముకి చుట్టరికాలుండవు.
సందు దొరికితే చాలు.

నోటితో ఊదకు! ఎన్నిసార్లు చెప్పాను?
ఊపిరిలో ఉమ్ముంటుంది,
పొద్దున తిన్న జొన్న గుర్తిక్ జిడ్డుంటుంది.
రబ్బరు బుడ్డితో నాలుగు పిసుకుళ్లు చాలు.
డబ్బాలో అమ్మే గాలి వద్దు,
దాని కడుపులో మంచుంది. కక్కిందంటే మరకే.

శుక్రవారం తెల్లగోడని తీసి చూడు.
ఎపర్చర్ ఇరవై రెండు, ఫోకస్ చెడగొట్టి.
ఫొటోలో పైన కనబడే మచ్చ
లోపల కింద ఉంటుంది, మర్చిపోకు.
తడి పుల్లతో ఇటునించటు ఒకసారి,
తిరగేసి అటునించిటు ఒకసారి.
మూడోసారి అది తుడవదు, గీస్తుంది.
బ్యాటరీ నిండుగా ఉండాలి.
సగంలో ప్రాణం పోయిందా,
ఎత్తిపట్టిన రెప్ప పుల్ల మీదే పడుతుంది.

ఇంత చేసినా దుమ్ము వస్తుంది, పోతుంది.
పోనిదొకటుంది.
పెళ్లి హాల్లో పచ్చ లేజర్ తిప్పుతారే,
అది సూటిగా లోపలికి చూసిందంటే
సన్నటి గీత, ఎప్పటికీ.
పాట హోరెత్తగానే మూత పెట్టెయ్.
వరుడు తిడితే నా పేరు చెప్పు.

మొదటి ఏడు నాకివేవీ తెలీవు.
గాల్లోనే, పరుగు మీద, లెన్సులు మార్చాను.
బీబీజమాల్ మనవరాలి పెళ్లి.
మూడువందల నలభై ఫొటోలు.
నా శాలువా పోగొకటి లోపల పడి
ప్రతిదాన్లోనూ కుడివైపు, ఓడ కొమ్ముకి జానెడు పైన,
వంకరగా, నల్లగా, రెక్కలు చాచినట్టు.
బయానా డబ్బు చేత్తో పట్టుకునే వెళ్లాను.
ముసలమ్మ కళ్లద్దాలు సర్దుకుని
ఒకటి చూసింది. పది చూసింది.
"షగలా," అంది.
చేపల పడవల వెనక తిరిగే తెల్లపిట్ట.
ఇటు రాక నలభై ఏళ్లు.
"నల్లగా ఉందేమిటి?" అంది కోడలు.
"ఎండకి అడ్డం ఎగిరితే ఏ పిట్టైనా నల్లగానే ఉంటుంది.
చూడు, పిల్ల ఎటు తిరిగినా వదల్లేదు."

హాల్లో తీసినవాటిలో కేకు మీద కూడా
మసగ్గా ఎగురుతోందది.
వాటిని చప్పున తిప్పేసింది.

చెరిపేస్తాను, నిమిషం పని, అన్నాను.
ఫొటోల మీద అరచెయ్యి ఆనించింది.
డబ్బు తీసుకోలేదు.

ఆ రాత్రి తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి,
రెప్ప ఎత్తి,
ఆ పోగు తీసేశాను.
తర్వాతి శనివారం ఇంకో పెళ్లి ఉంది మరి.

ఇంతకీ, పాత లెన్స్ మూతేది?
జేబులో వేశావా?
ఏదీ, జేబు తిరగెయ్.

చూశావా,
ఎంత సముద్రం మోస్తున్నావో.