రెప్ప

ఫారో దీవుల్లో, మా మాస్టు కింద
గొర్రెలు మేస్తుంటాయి. వాటికి తెలీదు,
తలల మీదుగా జలసంధి దాటి
ఎదుటి దీవికి కరెంటు వెళ్తోందని,
తీగ లేకుండా, చప్పుడు లేకుండా,
కంటికి అందని, ఎరుపుకి అవతలి వెలుగై.

సముద్రం అడుగున పరిచిన కేబుల్
ఏటా చలికాలం తెగేది.
అవతల ఉన్నది ఏడుగురు, మూడు ఆవులు.
ఏడుగురి కోసం ఓడ ఎవరు పంపుతారు?
అందుకని ఈ కిరణం.

నా ఉద్యోగం కిరణంతో కాదు,
దాని రెప్పతో.
మధ్యలో కాల్చే వెలుగు, చుట్టూ కాల్చని వెలుగు,
గాజుగొట్టంలాంటి పల్చటి గోడ.
ఆ గోడని ఏది తాకినా సరే
మధ్యది ఆరిపోవాలి,
రెక్క లోపలికి వచ్చేలోపు.
రెప్పపాటు అంటాం గానీ
రెప్పపాటంత బద్ధకం ఇంకోటి లేదు.
దాన్ని మూడు వందల ముక్కలు చేస్తే
అందులో ఒక ముక్క నాది.

నవంబరులో కొండ మీద కుందేళ్ల వేట.
సీసపు గుండు గోడని తాకిందని తెలిసేసరికే
అది ఇవతల దూరి అవతల తేలి ఉంటుంది.
దాన్ని ముందే చూడాలి. ఎక్కడుందో కాదు,
ఎక్కడ ఉండబోతోందో.
అందుకే రాడార్ తెచ్చాం. దాని లోపలి లెక్కలు
ఫిరంగుల దగ్గర చదువుకున్నవి.
గుండు వచ్చిన దారిని వెనక్కి గీసి
పేల్చినవాడి నెత్తిన ఇంకో గుండు వేయించినవి.
ఇక్కడ వాటికి ఒకటే పని:
పక్కకి తప్పుకోవడం.

లాగ్‌బుక్‌లో 'ఆగిన కారణం' అని ఒక గడి.
గన్నెట్. గన్నెట్. వడగళ్లు.
పఫిన్ల గుంపు, నలభై మూడు సార్లు.
ట్రోందుర్ వాళ్లబ్బాయి విసిరిన రాయి,
కావాలనే, అవతల వాళ్ల అత్త టీవీ
ఆరిపోతుందేమో చూద్దామని.
(ఆరలేదు. బ్యాటరీ ఉంది. వాడికి చెప్పలేదు.)

జూలైలో ఒక పొద్దున మాస్టు మెట్ల దగ్గర
తుఫాను పిట్ట. పాతిక గ్రాములు.
ఒక రెక్క కొస కమిలిపోయి.
ఆ రాత్రి గడి ఖాళీ.

అలల తుంపరకి గంటకి వెయ్యిసార్లు ఆగి
బ్యాటరీ అడుగంటుతోందని ఏడుగురూ ఫోన్ చేస్తే,
ఇంతకన్నా చిన్నవి లెక్కలోకి తీసుకోవద్దని
హద్దు గీసింది నేనే.
పిట్ట కొంచెం అని రాసుకున్నాను.
కూత సంగతి మర్చిపోయాను.

జేబురుమాల్లో పెట్టి హ్యాల్‌గ్రిమ్‌కి చూపించాను.
ఎనభై ఒకటి ఆయనకి. కొండ అంచున కూర్చుని
పొడవాటి కర్ర చివరి వలతో
ఎగిరే పఫిన్లని గాల్లోనే పట్టినవాడు,
మంచి రోజున రెండు వందలు.
చాలాసేపు ఏమీ అనలేదు.
"తుంపర గాలి మాట వింటుంది," అన్నాడు చివరికి.
"పిట్ట వినదు. గాలితో బేరమాడుతుంది.
నేనెప్పుడూ పిట్టని చూసేవాణ్ణి కాదు.
బేరం ఎక్కడ తెగుతుందో చూసేవాణ్ణి."

ఆ ఒక్క మాటని లెక్కగా మార్చడానికి
శీతాకాలమంతా పట్టింది.
ఎంత ఉంది అని అడగడం మానేశాం.
గాలికి ఎదురు చెప్పిందా, అంతే.

పరీక్షకి ఆయన భార్య మారిన్
పాతిక గ్రాముల ఊలు ఉండలు చుట్టి ఇచ్చింది.
ఆయన విసిరాడు. కాలిన ఊలు కంపుకి
గొర్రెలు తలెత్తి చూశాయి.
పదకొండో ఉండ తెల్లగా అవతల పడింది.

మళ్లీ జూలై. చీకట్లోనే వస్తాయవి, గూళ్లకి.
హ్యాల్‌గ్రిమ్ నా పక్కన, తెర ముందు.
కిరణం ఆరిన ప్రతిసారీ, ఆరడానికి కాస్త ముందు,
ఆయన ఒళ్లోని చేతులు రెండూ కదులుతున్నాయి.
వాటిలో కర్ర లేదు.

ఆగిన కారణం: తుఫాను పిట్ట.
ఆ తర్వాత ఏమైందో రాయడానికి గడి లేదు.
అంచున పెన్సిల్‌తో రాస్తున్నాను:
వెళ్లింది.
వెళ్లింది.