మినిట్సు పుస్తకంలో ఎక్కనిది

ఆగస్టు గాలి ఎత్తుకుపోయిన రేకులు పదకొండు.
తొమ్మిది దొరికాయి.
ఒకటి వాగు పాలైంది.
ఇంకొకటి ఎవరి గొర్రెల దొడ్డికి కప్పయిందో
అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

ఇవాళ స్కూలు బోర్డు మీటింగు.
కప్పు లేని మూడో తరగతి గదిలోనే పెట్టించాను,
కూచుంటే కదా తెలిసేది అని.
దుప్పట్లు గడ్డం దాకా లాక్కుని కూచున్నారు.
మొఖోట్లోంగ్ కొండల్లో ఇది
మంచు అప్పులవాడిలా గుమ్మం వదలని నెల.

నేల, ఊరి దొర మొరేనాది.
గోడలు చర్చివి.
ఒక్కో రాయీ ఎవరి తాతో మోసిందే అయినా
కాగితం మీద చర్చివి.
నా జీతం సర్కారుది.
గంజి డబ్బులు తలకింతని ఇంకెక్కడి నుంచో వస్తాయి,
వచ్చిన నెల వస్తాయి.
కప్పు ఎవరిదో
కట్టిన నాడు ఎవరూ రాసిపెట్టలేదు.

చర్చి సెక్రటరీ అన్నాడు:
గోడ మాదైతే కప్పూ మాదే, కాదనను,
డబ్బు మాత్రం మసేరులో ఉంది.
జిల్లా ఆఫీసు నుంచి గుర్రం మీద వచ్చిన
రాలిఖేత్లా గారు ఫైలు విప్పి,
టీచరు మా పద్దు,
టీచరు నెత్తి మీదిది మా పద్దు కాదు, అన్నాడు.
చేతులు కాచుకోవడానికి నిప్పు అడిగాడు పాపం,
మంచివాడే.
మొరేనా తరఫున వచ్చిన ముసలి సెఖోబే
తప్పు గాలిది, అన్నాడు.
సమను ఎవరు పట్టుకెళతారు?
అందరం నవ్వాం. నేనూ నవ్వాను.
నవ్వు రాసే గడి లేదు పుస్తకంలో.

మాత్సెకో ఉంది, తల్లిదండ్రుల తరఫున.
మూడేళ్ళుగా వేలిముద్ర తప్ప మాట వేయని మనిషి.
పొయ్యి మీద గంజి అడుగంటుతుందని లేచి,
గుమ్మంలో ఆగి,
"దొరికిన రేకులు ఎన్నని రాశావు సారూ?" అంది.
తొమ్మిది.
"పది అని రాయి."
ఎవరి వంకా చూడలేదు.
"పదోది దారిలో ఉంది."

సెఖోబే గడ్డిటోపీ సర్దుకుని పైకి చూశాడు.
కప్పు లేదు గనక
ఆకాశం బాగానే కనిపించింది ఆయనకి.

పది అని రాశాను.
తొమ్మిదిని కొట్టేస్తే ఆడిట్‌లో అడుగుతారని
తొమ్మిది మీదే దిద్దాను,
చూస్తే రెండూ కనిపిస్తాయి.

తీర్మానం: చర్చికి ఒకటి, జిల్లాకి ఒకటి, మొరేనాకి ఒకటి,
మూడు కాపీల అర్జీ.
కార్బన్ కాగితం కొనడానికి చందా.
మిగతాది వచ్చే మీటింగుకి వాయిదా.

తెల్లారి తలుపు తీసేసరికి
గోడకి చేరేసి ఉంది రేకు,
పేడ వాసనతో, కొత్త మేకు బెజ్జాలు రెండింటితో.
మంచులో గాడిద అడుగులు.
వాటిని నేను గుర్తుపట్టలేదు.

పదీ బిగించాం. పదకొండోది రాలేదు.
అర్జీలకి జవాబూ రాలేదు.
ఆ సందులోంచి పదింటికి ఎండ
కిటికీ పక్క బెంచీ మీద మడతమంచమంత పడుతుంది.
దానికోసం మొదట్లో జుట్లు పట్టుకున్నారు పిల్లలు.
నేను తీర్పు చెప్పేలోగా
వాళ్ళే వంతులు వేసుకున్నారు:
సోమవారం లిమఫో, మంగళవారం ఖబానే,
బుధ గురువారాలు కవలలిద్దరూ,
శుక్రవారం ఎవరికి దగ్గుంటే వాళ్ళది.